కాంటనీస్‌లో "సొయ్ దిక్ సెక్ ఛ్యూన్" అంటే ఏంటి? మనం ఎప్పుడు వాడొచ్చు?

చీమకుర్తి_గెలాక్సీ:

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి. ఇక్కడొక గ్రానైట్ క్వారీలో ఎక్స్‌పోర్ట్ పని చూస్తాను, అంటే బ్లాకుల కొలతలు తీయించడం, ఫోటోలు, వీడియోలు పంపడం, బయ్యర్లు వస్తే వెంట ఉండి రాయి చూపించడం. గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లోని యున్‌ఫు నుంచి మాకొక పాత బయ్యర్ ఉన్నారు, పెద్దాయన. చైనా రాతి వ్యాపారం అనగానే మనవాళ్లకి షియామెనే గుర్తొస్తుంది గానీ యున్‌ఫు కూడా ఈ వ్యాపారంలో పేరున్న ఊరే, అక్కడ మాట్లాడేది కాంటనీస్.

ఈమధ్య మా బెంచ్‌లో, అంటే క్వారీలో మెట్టులాగా రాయి తీసుకుంటూ పోయే చోట, వరసగా క్రాకులు తగిలాయి. పైకి రాయి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, నీళ్లు కొట్టి ఆరనిస్తే మాత్రం అంతా ఆరిపోయాక ఒక్క సన్నటి గీత తడి పట్టుకుని నిలబడుతుంది. అది కనపడిందంటే ఆ బ్లాకు ఎక్స్‌పోర్ట్‌కి పోదు. ఈ బెంచ్ వదిలేద్దాం, ఇంకో వైపు తీద్దాం అని మా ఓనరు కూడా అనేశారు. మేస్త్రి ఒప్పుకోలేదు. క్రాక్ కిందికి దిగట్లేదు, పక్కకి వాలుతా ఉంది, దీని కింద మంచి రాయి ఉంది అని పట్టుబట్టి రోజూ కొంచెం కొంచెం తీయించుకుంటూ పోయాడు. చివరికి మచ్చ లేని బ్లాకు పడింది. మా గెలాక్సీ గ్రానైట్‌లో ఉండే ఆ బంగారు చుక్కలు ఆకాశంలో ఆరబోసినట్టు సమంగా ఉన్నాయి, చూస్తే కడుపు నిండింది.

బయ్యర్‌కి వీడియో పంపి జరిగిందంతా ట్రాన్స్‌లేటర్‌లో పెట్టి రాశాను. ఆయన వాయిస్ మెసేజ్ పెట్టారు, అందులో ఈ నాలుగు మాటలు రెండుసార్లు అన్నారు. యాప్‌లో చైనీస్ పెట్టి వినిపిస్తే ఏవేవో పిచ్చి మాటలు వచ్చాయి. తెలిసిన ఒకతను "నీళ్లు, రాయి" అని ఏదో ఉంది అన్నాడు అంతే.

మెచ్చుకున్నట్టా, లేక ఇంత ఆలస్యం చేశారేంటని ఎత్తిపొడిచినట్టా? దానికి నేనేమని జవాబివ్వాలి? ఇంకో మాట, వచ్చే షిప్‌మెంట్‌తో పాటు ఆయనకి మా గెలాక్సీ రాయి మీదే ఏదైనా చెక్కించి పంపుదాం అనుకుంటున్నాం, ఇదే మాట చెక్కిస్తే బావుంటుందా?

---

కావలి_టు_కౌలూన్:

అన్నా, నూటికి నూరుపాళ్లు మెచ్చుకోలే, టెన్షన్ పడొద్దు. మాది కావలి, ఉద్యోగం హాంకాంగ్‌లో, చుట్టూ వినపడేదంతా కాంటనీసే కాబట్టి తెలిసింది చెప్తాను.

నాలుగు మాటలు, నాలుగు అక్షరాలు. నీరు, చుక్క, రాయి, చివరిది తొలిచి అవతలికి పోవడం. చుక్క చుక్కగా పడే నీరు రాతిని తొలిచేస్తుంది అని. ఇది చైనా అంతటా ఉన్న మాటే, రాత ఒకటే, పలకడం వేరు. మాండరిన్‌లో "షుయ్ దీ షి చ్వాన్" అంటారు, మీ యాప్ దానికోసమే చూసుంటుంది. సెట్టింగ్స్‌లో కాంటనీస్ అని విడిగా ఉంటుంది, అది పెట్టుకుని మళ్లీ వినిపించి చూడండి.

పలికేటప్పుడు మనవాళ్లు చేసే పని ఏంటంటే దిక్కు, సెక్కు అని చివర ఉకారం తగిలించేస్తారు, అప్పుడు వాళ్లకి అసలు అర్థం కాదు. నాలుక వెనక్కి పోయి క్ దగ్గర ఆగిపోవాలి, గాలి బయటికి రాకూడదు. "సొయ్" కింద నుంచి పైకి లేస్తుంది, మనం "ఏంటీ?" అని అడిగినట్టు. మధ్యలో రెండూ కింది స్వరంలోనే తెగిపోతాయి. "ఛ్యూన్" పైస్వరంలో సాగుతుంది, పెదాలు ఈల వేసేటట్టు గుండ్రంగా పెట్టి "ఈ" అనబోతే ఎట్లా వస్తుందో అట్లా.

ఇక ఎప్పుడు వాడతారు అంటే, చాన్నాళ్లు కొంచెం కొంచెంగా చేసి సాధించిన దానికి. పిల్లలు రోజూ పియానో వాయించి పరీక్ష పాసైతే టీచర్లు అంటారు. జబ్బు చేసి లేచిన మనిషి రోజుకు పది అడుగులు నడిచి నడిచి మళ్లీ మామూలు మనిషైతే అంటారు. మీ మేస్త్రి చేసింది సరిగ్గా అదే కాబట్టి పెద్దాయన ఆ మాట ఎత్తారు. రేపు పొద్దునకల్లా కంటైనర్ లోడ్ కావాలి, రాత్రంతా మేలుకుని చేశాం అనేదానికి ఇది నప్పదు. దానికి కాంటనీస్ వాళ్లకి సొంత మాట ఇంకోటుంది, "దింగ్ ఙాంగ్ స్యొంగ్". పళ్లు బిగించి, భుజం ఆనించి, ఎంత బరువైనా ఎత్తుకుని పోదాం పద అనే మాట. మూటలు మోసే కూలీలు గుంపుగా పాట అందుకుంటూ వాడిన మాట అది, ఇప్పుడు ఆఫీసుల్లో కూడా అంటారు. రెండో మాటలో ఉన్నది మన ఙ నే. చిన్నప్పుడు బళ్లో దిద్దిన తర్వాత ఎక్కడా వాడని ఆ అక్షరం ఇక్కడ రోజూ పనికొస్తుంది. ఇప్పటి కుర్రాళ్లు చాలామంది దాన్ని కూడా వదిలేసి "ఆంగ్" అనేస్తున్నారు లెండి.

ఊరికే ఒకళ్లకి ధైర్యం చెప్పాలంటే ఈ రెండూ అక్కర్లేదు, "గా యౌ" చాలు. నూనె పొయ్యమని దానికి అర్థం. పరీక్షకి పోయేవాళ్లకీ, మ్యాచ్ ఆడేవాళ్లకీ అందరికీ అదే. ఈ మాటని హాంకాంగ్ వాళ్లు ఇంగ్లీషులోకి మార్చి వాడీ వాడీ 2018లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి కూడా ఎక్కించారు.

జవాబు సంగతి. ఆయన మిమ్మల్ని మెచ్చుకుంటే మీరు మళ్లీ అదే మాట మీ గురించి మీరు అనుకోకూడదు, గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుంది. "దో జె" అనండి, అంతే. కాంటనీస్‌లో థాంక్స్‌కి రెండు మాటలున్నాయి, ఎవరైనా చిన్న పని చేసి పెడితే "మ్ గొయ్" అంటారు, బహుమతికీ పొగడ్తకీ "దో జె". ఇది తేడా పడకుండా అంటే పెద్దాయన సంతోషపడతారు.

---

పెన్నా_ఒడ్డు:

నెల్లూరు నుంచి రాస్తున్నాను. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, చైనా చరిత్ర మీద మొదట్నుంచీ ఇష్టం. కావలి అబ్బాయి చెప్పినదంతా సరిగ్గా ఉంది. అయితే ఈ మాట పుట్టుక గురించి కూడా తెలుసుకోవాలి అబ్బయ్యా, ఎందుకంటే మొదట్లో ఇది పట్టుదలని మెచ్చుకునే మాటే కాదు. హెచ్చరిక.

హాన్ వంశం కాలంలో వూ రాజ్యాన్ని ఏలుతున్న లియు బి అనే రాజు, పైనున్న చక్రవర్తి మీద తిరగబడాలని చూస్తున్నాడు. ఆయన కొలువులో మెయ్ చెంగ్ అనే పండితుడు వద్దని చెబుతూ విన్నపం రాశాడు. తాయ్ పర్వతం మీద నుంచి జారే నీరు రాతిని తొలుస్తుంది, చేద తాడు బావి మీది కొయ్యని కోసేస్తుంది, నీరు రాతిని తొలిచే ఉలి కాదు, తాడు కొయ్యని కోసే రంపం కాదు, కొంచెం కొంచెంగా ఒరుసుకోవడం వల్లే అట్లా అవుతుంది అని. చిన్న తప్పులు పోగుపడితే ఎంత ముప్పు తెస్తాయో చూడు అని ఆయన చెప్పడం. రాజు వినలేదు. క్రీ.పూ. 154లో ఏడు రాజ్యాలు కలిసి తిరగబడ్డాయి, ఓడిపోయాయి, లియు బి చచ్చిపోయాడు.

ఆ తాడు మాట మనకి కొత్తేం కాదు. ఉదయగిరి వైపు, కనిగిరి వైపు పాత చేదబావులు చూసినవాళ్లకి తెలుస్తుంది, గట్టు రాళ్ల మీద వేలు పట్టేంత గాడులు ఉంటాయి. నులక తాడు కోసిన కోత అది. ఎన్ని తరాల ఆడవాళ్లు నీళ్లు చేదితే ఆ గాడి పడింది!

ఇప్పుడు వాడే నాలుగక్షరాల రూపం మాత్రం సోంగ్ వంశం కాలం నాటి కథలో వస్తుంది. జాంగ్ యోంగ్ అని ఒక అధికారి, 946లో పుట్టి 1015లో పోయినాయన, హుబెయ్‌లోని చొంగ్‌యాంగ్ అనే చోట పనిచేస్తుండగా ఖజానా గుమస్తా ఒకడు బయటికి వస్తుంటే వాడి జుట్టు పక్కన ఒక్క నాణెం కనపడింది. ఎక్కడిదిరా అంటే ఖజానాదే అన్నాడు. కొట్టమన్నారు. ఒక్క నాణేనికి ఇంత రాద్ధాంతమా, కొట్టగలరు గానీ చంపగలరా అని వాడు ఎదురు తిరిగాడు. ఆయన కలం తీసుకుని తీర్పు రాశాడు: రోజుకి ఒక నాణెం, వెయ్యి రోజులకి వెయ్యి నాణేలు, తాడు కోసి కోసి కొయ్య తెగుతుంది, నీటి చుక్క పడి పడి రాయి చిల్లు పడుతుంది. రాసి, తనే కత్తి తీసి వాడి తల నరికేశాడు. 13వ శతాబ్దంలో రాసిన ఒక పుస్తకంలో ఉంది ఈ కథ.

అంటే ఇది చుక్క చేసే పని గురించిన మాట. ఆ పని మంచిదైతే మెచ్చుకోలు, చెడ్డదైతే మరణశిక్ష. ఇప్పటి వాడుకలో మెచ్చుకోలే నిలిచింది, అందులో సందేహం లేదు. నేను చెప్పేదల్లా ఒకటే, డబ్బు లెక్కల విషయంలో, బాకీల విషయంలో, తూకాల్లో కొలతల్లో తేడా వచ్చిందని మాటామాటా పెరిగినప్పుడు ఈ మాట ఎత్తొద్దు. కథ తెలిసిన మనిషైతే రోజుకో నాణెం కాజేసే గుమస్తా గుర్తొస్తాడు. వ్యాపారంలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

---

చీమకుర్తి_గెలాక్సీ:

సార్, మీరు రాసింది మా మేస్త్రికి చదివి వినిపించాను. తాడు, నీళ్లు అనేసరికి ఆయన మొహం వెలిగిపోయింది, ఎందుకంటే మేం రాయి కోసేదే ఆ రెండిటితో. తెలియనివాళ్ల కోసం చెప్తాను. పై నుంచి ఒక బొక్క, పక్క నుంచి ఒక బొక్క కొడతాం, రెండూ లోపల కలవాలి. అవి కలవడమే పెద్ద పని, కొంచెం వాలినా మళ్లీ మొదటికే. వాటిలోంచి డైమండ్ వైర్ దూర్చి రెండు కొసలూ కలిపి మిషన్ చక్రానికి వేస్తాం. స్టీలు తాడుకి వజ్రపు పొడి పట్టించిన పూసలు గుచ్చినట్టు ఉంటుంది ఆ వైరు. తాడు తిరుగుతూ ఉంటుంది, మిషన్ పట్టాల మీద కంటికి తెలియనంత నెమ్మదిగా వెనక్కి జరుగుతూ ఉంటుంది, కోత మీద నీళ్లు పడుతూనే ఉండాలి. నీళ్లు ఆగాయంటే పూసలు మాడిపోతాయి, వైరు తెగి కొరడాలాగా వచ్చి కొడుతుంది, అందుకే ఆ దరిదాపుల్లో ఎవర్నీ నిలబడనివ్వం. తొందరపడి స్పీడు పెంచితే కోత వంకర పోతుంది. గంటల తరబడి ఆ నీళ్ల పైపు చూసుకుంటూ కూర్చోవడమే పని.

యున్‌ఫు పెద్దాయనకి ఇదంతా తెలుసు, క్వారీలోకి దిగి చూసిన మనిషే. అందుకే ఆ మాట అని ఉంటారేమో అనిపిస్తోంది ఇప్పుడు. ఇక చెక్కించే సంగతి చెప్పండి. అడుగున్నర ఎత్తు పాలిష్ పలక, నిలువుగా స్టాండ్ మీద, నాలుగక్షరాలకి బంగారు రంగు వేయిద్దాం అనుకున్నాం.

---

ఒంగోలు_దుబాసీ:

అన్నా, ఆగండి ఆగండి, ఆ డిజైన్‌తో పంపొద్దు. నేను ఒంగోలులో ఉంటూ గ్రానైట్ వాళ్లకి చైనీస్ దుబాసీగా పని చేస్తున్నాను, చైనా షోరూములు కూడా తిరిగాను. నల్లటి పాలిష్ రాయి, నిలువు పలక, అక్షరాలకి బంగారు రంగు. ఇది చూడగానే అక్కడ ఎవరికైనా గుర్తొచ్చేది సమాధి రాయి. మీకు తెలియంది కాదు, మాన్యుమెంట్స్ ఆర్డర్లు, అంటే సమాధి రాళ్లవి, మన దగ్గరి నుంచి ఎన్ని పోతున్నాయో. గడియారం బహుమతిగా ఇస్తేనే చావు గుర్తొస్తుందని పుచ్చుకోని జనం వాళ్లు, "గడియారం ఇవ్వడం" అనే మాట "ఆఖరి ఘడియల్లో దగ్గరుండి సాగనంపడం" అనే మాటలాగే వినపడుతుంది కాబట్టి. అట్లాంటిది పెద్దాయన టేబుల్ మీద ఇది పెడితే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు?

కాబట్టి అడ్డంగా చేయించండి, పొడుగు తక్కువ ఎత్తు, చెక్క ఫ్రేములో. టేబుల్ మీద పడుకోబెట్టే దిమ్మెలాగా చేసినా పర్లేదు, పైన పాలిష్, అంచులు ఉలితో కొట్టిన గరుకు అలాగే వదిలేసి. ఆ గరుకు చూస్తే సమాధి రాయి గుర్తుకురాదు, క్వారీ గుర్తొస్తుంది. అక్షరాలకి రంగు వేయకుండా చెక్కి వదిలేస్తే గెలాక్సీ మెరుపు మీద అవే తెల్లగా కనపడతాయి. ఎరుపు రంగు మాత్రం పేరు రాయడానికి వాడొద్దు, బతికున్న మనిషి పేరు ఎరుపులో రాయడం వాళ్లకి పట్టింపు.

ఇక మాట. "సొయ్ దిక్ సెక్ ఛ్యూన్" చెక్కితే తప్పేం లేదు, దస్తూరీ బావుండేలా రాయించి గోడకి పెట్టుకుంటారు చాలామంది. కానీ రాయి అమ్మి బతికే మనిషికి, రాయి మీద, రాయికి చిల్లు పడింది అని రాసి ఇవ్వడం నాకు మనసొప్పట్లేదు. దీనికంటే మీకు అతికినట్టు సరిపోయే మాట ఒకటుంది. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి షున్‌జి అనే తత్వవేత్త చదువు గురించి రాసిన వ్యాసంలోది. చెక్కడం మొదలుపెట్టి వదిలేస్తే పుచ్చిపోయిన కొయ్య కూడా విరగదు, చెక్కుతూ వదలకుండా ఉంటే లోహం మీదా రాతి మీదా కూడా చెక్కవచ్చు అంటాడు. అందులోంచి "చెక్కుతూ వదలకపోవడం" అనే నాలుగక్షరాలే జాతీయంగా నిలిచాయి. మాండరిన్‌లో "చ్యె అర్ బు షె". బెంచ్ వదలనన్న మీ మేస్త్రికి, రాతి పనికి, చెక్కిన పలకకి మూడిటికీ సరిపోయింది చూడండి. అది చూసిన పెద్దాయనకి మిగతా వాక్యం ఎవరూ చెప్పక్కర్లేదు, బళ్లో చదువుకున్న పాఠమే అది.

---

కావలి_టు_కౌలూన్:

అక్క చెప్పింది చాలా బావుంది. కాంటనీస్‌లో అది "కిత్ యి బత్ సె", ఇక్కడ కూడా త్ గాలి వదలకుండా ఆపాలి. అన్నా, ఇది మాటల్లో వాడేది కాదు, రాతలో, ఉపన్యాసాల్లో వినపడే మాట, అందుకే పలక మీదకి ఇంకా బాగుంటుంది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం ఆయన అన్న మాటకే "దో జె" చెప్పండి, పలక చేరినప్పుడు చూసుకుంటారు.

---

కోవూరు_డీఎస్సీ:

అన్నలకి, అక్కకి, సార్‌కి నమస్తే. నేను డీఎస్సీకి చదువుతున్నాను. చదువుకునే బల్ల ముందు రాసి పెట్టుకోవాలంటే వీటిలో ఏది పెట్టుకోవచ్చు?

---

పెన్నా_ఒడ్డు:

నీకు నీటి చుక్క మాటే అమ్మాయ్. రోజూ ఇంత అని పెట్టుకుని చదివేవాళ్ల కోసమే అది. రాత్రంతా కూర్చుని సిలబస్ మొత్తం ఒక్కసారి చదివేద్దామని అనుకోవద్దు, పరీక్ష ముందు వారం మాత్రం కావలి అబ్బాయి చెప్పిన భుజం ఆనించే మాట పనికొస్తుందేమో.

---

చీమకుర్తి_గెలాక్సీ:

అమ్మా, మీరు చెప్పకపోతే ఆ పలక అట్లాగే ప్యాక్ చేసి పంపేవాళ్లం. సమాధి రాయి సంగతి మా ఓనరుకి చెప్తే ఆయన వెంటనే డిజైన్ ఆపమన్నారు. అడ్డంగా, అంచులు గరుకుగా, రంగు లేకుండా చేయిస్తున్నాం, మాట మీరు చెప్పిందే. అంచులు మా మేస్త్రి తన చేత్తో కొడతానన్నాడు. అక్షరాలు కొత్త రాతలో పెట్టాలా పాత రాతలో పెట్టాలా? చెక్కే కుర్రాడు ఇంటర్నెట్‌లో రెండు రకాలు దొరికాయి అంటున్నాడు.

---

ఒంగోలు_దుబాసీ:

గ్వాంగ్‌డాంగ్‌లో రోజువారీ రాత కొత్తది, అంటే గీతలు తగ్గించి తేలిక చేసింది, హాంకాంగ్‌లో పాతది. దస్తూరీ కోసం చెక్కేదానికి పాత రాత పెడితే గ్వాంగ్‌డాంగ్‌లో కూడా ఎవరూ ఏమీ అనుకోరు, పైగా నిండుగా ఉంటుంది. కాకపోతే రెండూ కలపకూడదు. ఈ నాలుగింటిలో మొదటిదీ చివరిదీ రెండు రాతల్లో వేరుగా ఉంటాయి, మధ్య రెండూ ఒకటే, కాబట్టి కుర్రాడు ఒకటి ఇక్కడ నుంచి ఒకటి అక్కడ నుంచి తీసి పెట్టేసే ప్రమాదం ఉంది. పాత రాతలో నాలుగూ ఒకే ఫాంట్‌లో ఉన్న ఫైలు మీ ఇన్‌బాక్స్‌కి పంపాను. ఎడమ నుంచి కుడికి, అదే వరసలో. అద్దం బొమ్మలాగా తిరగబడకుండా స్టెన్సిల్ అంటించాక ఒక ఫోటో తీసి నాకు పంపండి, నేను చూసి సరే అన్నాకే మిషన్ పెట్టించండి.